ఒకటిన్నరకు జపం

మిర్యాలగూడ
9 జూన్ 2025

సోమమ్మ వదినకు సరళ దండం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ నేనూ, మీ తమ్ముడు పరశురాములు గారూ బాగున్నాం. నువ్వెలా ఉన్నావని అడగాల్సిన పని లేకుండా పోయింది. వారం రోజులుగా పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా నిన్ను నా ఫోన్లో చూస్తూనే ఉన్నాను.

నీ మేనకోడలు రజిత మొన్న వచ్చినప్పుడు, నువ్వు పాపను చూసుకుంటున్న వాళ్లింటి కెమెరాలు నా ఫోన్లో కూడా కనిపించేలా పెట్టి పోయింది. బ్యాంకులో తనకు తలెత్తే తీరిక లేదట. అల్లుడు చిరంజీవికి కాలేజీలో క్లాసులట. "నీకేం పనుంటదమ్మా, జర సూసుకుంట ఉండు" అన్నది. అన్న భార్యకు నేను కాపలా కాయడమేమిటి బిడ్డా అన్నాను. "కాపలా కాదమ్మా, తోడు" అన్నది. తోడు అన్నాక కాదనలేకపోయాను. పదకొండు నెలల పసిపిల్ల సంగతి కదా.

ఈ మాట ఫోన్లో చెప్పొచ్చు. కానీ నువ్వు ఫోన్లో మాట్లాడేది కూడా ఆ కెమెరా వింటుందట. అందుకే కాగితం తీశాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే. వాచ్‌మెన్ లాజరు చేతికి ఇవ్వమని కవరు మీద రాశాను.

కెమెరా ముందు నుంచి పోయినప్పుడల్లా నువ్వు కొంగు తల మీదికి లాక్కుంటున్నావు, అక్కడ మామగారు కూర్చున్నట్టు. నవ్వొచ్చింది. పాపకు నువ్వు పాడే జోలపాట మా అమ్మ పాడిందే కదా, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.

ఒక్క సంగతి. పాప పడుకున్నాక రోజూ ఇరవై నిమిషాలు నువ్వు ఎక్కడా కనిపించవు. హాల్లో లేవు, వంటింట్లో లేవు, పాప గదిలో లేవు. రజిత అడిగింది. బాత్రూముకు పోయి ఉంటుందన్నాను. ఇరవై నిమిషాలా అన్నది. అనుమానం కాదు వదినా. చెబితే నేను సర్ది చెప్పుకుంటాను.

పాపకు నా తరఫున ముద్దు పెట్టు. నేను చూస్తుంటాను.

నీ ఆడబిడ్డ
సరళ

* * *

సూర్యాపేట
14 జూన్ 2025

సరళకు,

అయితే అందులో ఇప్పుడు నువ్వు కూడా ఉన్నావన్నమాట. ఐదు నెలలుగా నేను అందులో అల్లుడు ఉంటాడని కొంగు కప్పుకుంటున్నాను.

దానికి కన్ను ఒక్కటే కాదు, నోరు కూడా ఉంది. వచ్చిన కొత్తలో పప్పు కలుపుతుంటే పైనుంచి "అత్తమ్మా, పాపకు సాక్సులు ఏవి" అని వినిపించింది. చేతిలో గరిటె కింద పడింది. ఇంట్లో చూస్తే ఎవరూ లేరు. లింగమంతుల స్వామే పలికాడనుకుని చెంపలు వేసుకున్నాను. స్వామికి సాక్సుల సంగతి ఎందుకని ఆలోచించాక గానీ అది రజిత గొంతని తెలియలేదు.

ఇరవై నిమిషాల సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను. వంటింటి వెనుక వాషింగ్ మెషీన్ పెట్టిన సందు ఉంది. అక్కడ కెమెరా లేదు. బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని అన్నం తింటాను. తిన్నాక కాళ్లు చాపి కళ్లు మూసుకుంటాను. నేను చేసే రహస్య కార్యం ఇంతే.

హాల్లో తినొచ్చు కదా అంటావు. తిన్నాను. "ఇప్పుడు తింటున్నవా అత్తమ్మా, పాప లేస్తది గదా" అని పైనుంచి వచ్చింది. ఒకరోజు పాప పక్కన చాప మీద నడుం వాల్చాను. మనిషి కదలకపోతే ఆ కెమెరా రజితకు కబురు పంపుతుందట. బ్యాంకు నుంచి పరేషాన్ అయి ఫోన్ చేసింది. ఏమీ కాలేదు బిడ్డా, పండుకున్న అన్నాను. "ఓ, పండుకున్నవా" అన్నది. ఆ "ఓ" విన్నాక మళ్లీ నేను చాప పరవలేదు.

పక్క ఫ్లాటులో పాపను చూసే ఆమెకు మధ్యాహ్నం గంట విశ్రాంతి, ఆదివారం సెలవు. నాకూ అలా ఉంటే బాగుండునని అడిగితే రజిత నొచ్చుకుంది. "ఆమె పనిమనిషి అత్తమ్మా. నువ్వు ఇంటి మనిషివి" అన్నది. ఎంతో గౌరవంగా అన్నది. అంత గౌరవం చేశాక ఇంక సెలవు అడిగితే బాగుండదు కదా.

ఐదున్నరకు లేస్తాను. షుగరు ఉంది కాబట్టి వేళకు తిని అరగంట పడుకోమని, లేకపోతే కాళ్లు ఇంకా వాస్తాయని దవాఖానలో చెప్పారు. నాకు కావలసింది ఆ అరగంటే. నువ్వు ఎవరికీ ఏమీ సర్ది చెప్పవద్దు. ఊరికే ఉండు. నాకు బకెట్ చాలు.

తుంగతుర్తిలో మీ అన్న తుంటి నొప్పి అట్లాగే ఉంది. శనివారం గుడికి పోయే దారిలో ఇది డబ్బాలో వేస్తున్నాను.

సోమమ్మ

* * *

మిర్యాలగూడ
20 జూన్ 2025

వదినకు,

బకెట్ మీద కూర్చుని తింటున్నావని చదివాక నాకు ముద్ద దిగలేదు. ఊరికే ఉండమన్నావు గానీ మనసు ఊరుకుంటుందా? రజితకు ఫోన్ చేసి మెత్తగానే చెప్పాను. ఆ వాషింగ్ మెషీన్ దగ్గర ఒక స్టూలు వేయించు, పెద్దమనిషి కూర్చుంటుంది అన్నాను. "ఓ, గాడ కూసుంటున్నదా?" అన్నది. వెంటనే ఏర్పాటు చేస్తానన్నది. చూశావా, అడిగితేనే కదా తెలిసేది. నా బిడ్డ మనసు మంచిది.

నా డ్యూటీ గురించి కూడా విను. ఫోన్ చేతిలో పట్టుకునే కూర తరుగుతున్నాను. పూజగదికి కూడా తీసుకుపోయి దేవుడి పీట పక్కన నిలబెడుతున్నాను. మొన్న హారతి తిప్పుతూ నువ్వు పాపను ఎటో తీసుకుపోతున్నావేమోనని అటు చూశాను. చూసుకుంటే హారతి మొత్తం నీకే ఇచ్చాను. స్వామికి మళ్లీ కర్పూరం వెలిగించాల్సి వచ్చింది.

అవసరానికి లేవాలంటే ఫోన్ మీ తమ్ముడి చేతికిచ్చి పోతున్నాను. తిరిగొచ్చేసరికి ఆయన పడుకుని ఉంటారు, ఫోన్ ఆయన పొట్ట మీద ఉంటుంది. పైగా నన్నే అంటారు, "ముప్పై ఏండ్లు కరెంటాఫీసుల చేసిన, గింత డ్యూటీ నేనెన్నడు చెయ్యలె. తిండి ఎప్పుడు పెడ్తవ్?" అని. నిన్న రెండున్నరకు నాకు రెప్ప పడింది. అప్పుడే రజిత ఫోన్ చేసి, పాప లేచింది, నువ్వు చూడలేదా అన్నది.

స్టూలు వచ్చాక ఎలా ఉందో రాయి.

సరళ

* * *

సూర్యాపేట
28 జూన్ 2025

సరళకు,

స్టూలు వచ్చింది. నీలం రంగు, గట్టిది. దానికి ఎదురుగా గోడ మీద కెమెరా కూడా వచ్చింది. అల్లుడే డ్రిల్లు పెట్టి బిగించాడు. "ఇక్కడ జారిపడితే ఎవరికీ తెలియదు కదా అత్తమ్మా" అన్నాడు. ఐదు నెలల్లో నేను జారిపడింది లేదు. స్టూలు వచ్చిన రోజే వాళ్లకు నా ప్రాణం మీద అంత ధ్యాస కలిగింది.

నువ్వు మంచి మనసుతోనే చేశావు. కానీ ఇక నా కోసం ఏమీ అడగవద్దు సరళా. ఇప్పుడు పరుపు అడిగావంటే పోలీసును పంపిస్తారు. స్టూలు మీద ఒక్కసారి కూర్చున్నాను. రేషన్ కార్డుకు ఫోటో దిగుతున్నట్టు ఉంది. లేచి నిలబడే అన్నం తిన్నాను.

అయినా దేవుడు దారి చూపించాడు. పాప గదిలోనే ఒక మూల వాళ్ల దేవుడి గూడు ఉంది కదా. రోజూ ఒకటిన్నరకు, పాప తొట్టెలలో పడుకున్నాక, దాని ముందు గోడకు ఆనుకుని, తులసి మాల పట్టుకుని జపం పెట్టుకున్నాను. దేవుడి ముందు కూర్చున్న మనిషిని ఈ ఇంట్లో ఎవరూ పలకరించరు. రజిత చూసి, "జపమా? మంచిగ చేస్కో అత్తమ్మా" అన్నది. ఆ వేళ నేను కదలకపోయినా కబురు రాకుండా ఫోన్లో మార్చిందట కూడా. మనసుకూ కాళ్లకూ హాయిగా ఉంది.

సోమమ్మ

* * *

మిర్యాలగూడ
5 జూలై 2025

పుణ్యాత్మురాలైన మా వదినకు,

కెమెరా సంగతి చదివి సిగ్గుపడ్డాను. అయితే ఏది జరిగినా మన మంచికే అనుకోవాలి. అది బిగించకపోతే నీకు ఈ జపం అబ్బేదా?

మొదటి రోజు చూసి ఫోన్‌కే దండం పెట్టాను. ముప్పై ఏళ్లుగా సహస్రనామం చదువుతున్నాను, పది నామాలు దాటేసరికి నా మనసు పొయ్యి మీది పాల దగ్గరికి పోతుంది. నువ్వు అరగంట పాటు రాయిలా కదలవు. దోమ వాలినా కదలవు. బుధవారం మా భజన మండలి వాళ్లకు చూపించాను. ఇప్పుడు రోజూ ఒకటిన్నరకు ఏడుగురు వచ్చి మా హాల్లో చాప మీద కూర్చుంటున్నారు. మధ్య మధ్య నీ దగ్గర నుంచి ఓంకారంలా ఒక సన్నని నాదం వస్తోంది, అది వినిపించినప్పుడల్లా అందరూ కళ్లు మూసుకుంటున్నారు. మీ తమ్ముడు మాత్రం తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని బయటికి పోతున్నారు. ఆయనకు భక్తి తక్కువని నీకు తెలుసు.

రజిత కూడా నీ జపం వీడియో చుట్టాల గ్రూపులో పెట్టింది, "మా ఇంటి తల్లి" అని రాసి. కోదాడలో మా వియ్యపురాలు, అంటే చిరంజీవి వాళ్లమ్మ, చూసి పరవశించి పోయిందట. స్వయంగా వచ్చి నీ పక్కన కూర్చుంటానంటున్నదట.

ఏ మంత్రం చేస్తున్నావు? ఉపదేశం ఎవరిచ్చారు? మండలి వాళ్లు అడిగి చంపుతున్నారు.

సరళ

* * *

సూర్యాపేట
12 జూలై 2025

సరళా,

మంత్రం లేదు. గురువు లేడు. అది నిద్ర.

ఆ ఓంకారం గురక. పెళ్లయిన నాటి నుంచి మీ అన్న దాన్ని తిడుతూనే ఉన్నాడు. మిర్యాలగూడలో ఏడుగురు చాప వేసుకుని వింటున్నారని తెలిస్తే ఏమంటాడో. మీ ఆయనకు మొదటి రోజే అర్థమైనట్టుంది, నీకెందుకు కాలేదో నాకు తెలియదు. పోయిన ఉత్తరంలో అంతకంటే విడమరిచి రాయడానికి మొహమాటపడ్డాను. తప్పు నాదే.

నువ్వు కోప్పడతావని తెలుసు. మాల పట్టుకుని దేవుడి ముందు నిద్రపోవడం పాపమే. రోజూ కళ్లు మూసుకునే ముందు ఆయనకు చెప్పుకునే మూస్తున్నాను. ఈ ఇంట్లో నన్ను పడుకోనిచ్చింది ఆయనొక్కడే.

కోదాడ ఆమె గురువారం రానే వచ్చింది. పట్టుచీర కట్టుకుని నా పక్కన కూర్చుంది. ఆ రోజైనా మెలకువగా ఉందామనుకున్నాను. ఐదున్నరకు లేచిన ఒళ్లు నా మాట వినలేదు. కళ్లు తెరిచేసరికి ఆమె నా చేతి వైపే చూస్తోంది. "ఏంటమ్మా, అరగంట నుంచీ ఒక్క పూసనే పట్టుకునున్నావు? పాపం ఆ పూస నలిగిపోయుంటుంది" అంది. నేను తల వంచుకున్నాను. పోతూ పోతూ కెమెరా వైపు చూసి నవ్వింది.

రేపో ఎల్లుండో రజితకు చెబుతుంది. రజిత నిన్ను అడుగుతుంది. నిన్ను అబద్ధమాడమనను. రోజంతా చూడలేకపోతున్నాను, సరిగా తెలియదు అను చాలు, అది నిజమే కదా. ఈ అరగంట కూడా పోతే నేను ఇక్కడ ఉండలేను సరళా. మొన్న పాపను ఎత్తుకుని లేస్తుంటే కళ్లు తిరిగాయి. గోడ పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

సోమమ్మ

* * *

మిర్యాలగూడ
19 జూలై 2025

వదినకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పూజ చేయబుద్ధి కాలేదు. అయినవాళ్లను మోసం చేస్తే చేశావు, భగవంతుడి ముందు దొంగ జపమా? ఏడుగురు ముత్తయిదువలు నీ గురకకు కళ్లు మూసుకున్నారు. వాళ్ల పాపం ఎవరికి చుట్టుకోవాలి?

రజిత బుధవారం ఫోన్ చేసింది. "అమ్మా, దినమంత సూస్తవు గదా. నిజం చెప్పు. అత్తమ్మ పండుకుంటున్నదా?" అన్నది. తెలియదని చెప్పమన్నావు. నోటి దాకా వచ్చింది. ఎదురుగా స్వామి పటం ఉంది. నాకు అబద్ధం రాదని నీకు తెలుసు. "పండుకుంటది" అన్నాను. షుగరు సంగతి, కళ్లు తిరిగిన సంగతి కూడా చెప్పబోయాను, అప్పటికే పెట్టేసింది.

ఇప్పుడు ఒకటిన్నరకు, మళ్లీ పావుగంటకోసారి కెమెరాలో పాప లేవనంత సన్నగా గంట మోగేలా పెట్టిందట. నిన్న చూశాను. గంట మోగినప్పుడల్లా ఉలిక్కిపడి కళ్లు తెరుస్తున్నావు. చూడలేకపోయాను. అయినా నేను నిజమే చెప్పాను వదినా, నిజం చెప్పిన వాళ్లకు దేవుడు చెడు చేయడు.

భజన మండలి వాళ్లకు మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు. నెట్ రావడం లేదన్నాను.

సరళ

* * *

తుంగతుర్తి
26 జూలై 2025

సరళకు,

నేను బుధవారమే ఇంటికి వచ్చేశాను. మీ అన్న తుంటి బాగాలేదని రజితకు చెప్పాను. ఆ అబద్ధం నాకు సులువుగానే వచ్చింది.

నీకు కూడా వస్తుందని తెలిసి సంతోషించాను. మండలి ముందు పరువు పోతుందంటే నెట్ రావడం లేదన్నావు. నా అరగంట పోతుందంటే స్వామి పటం అడ్డం వచ్చింది.

నిజం చెప్పినందుకు నిన్ను తప్పుపట్టను. ఒక్కటే అడుగుతాను. నెలన్నర రోజులు, రోజుకు ఏడు గంటలు నన్ను చూశావు. మన మనుషుల్లో ఎవరూ నన్ను అంతసేపు చూడలేదు, మీ అన్న కూడా. అంత చూసి, నేను పడుకున్నానా లేదా అన్నది తప్ప నీకు ఇంకేమీ కనిపించలేదా?

పాపకు వంకాయ పడదు. ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. రజితకు చెప్పు.

సోమమ్మ

* * *

సూర్యాపేట
8 ఆగస్టు 2025

వదినకు,

ఇప్పుడు నేనే సూర్యాపేటలో ఉన్నాను. నువ్వు పోయిన వారానికి రజిత నన్ను పిలిపించింది. నన్ను చూసే పని కోదాడ వియ్యపురాలికి అప్పగించారు. ఆమెకు నాకంటే శ్రద్ధ ఎక్కువ. మొదటి రోజే "వదినగారూ, టీ ఇది మూడోసారా?" అని పైనుంచి అడిగింది. పాప ఎదుట నా పరువు పోయింది.

మూడు రోజులు ఓర్చుకున్నాను. ఎవరో చూస్తున్నారంటే ఒళ్లంతా బిగుసుకుపోతుంది వదినా. కూర్చున్నా కూర్చున్నట్టు ఉండదు. తుమ్మాలన్నా ఆలోచిస్తున్నాను. నాలుగో రోజు పాపను పడుకోబెట్టేసరికి ఒకటిన్నర అయింది. కాళ్లు లాగుతున్నాయి. ఒక్కొక్క కెమెరా స్విచ్చు వెతికి నాలుగూ ఆపేశాను. తొట్టెల పక్కన చాప వేసుకుని పడుకున్నాను. ఏ మాలా పట్టుకోలేదు.

లేచేసరికి రజిత గుమ్మంలో నిలబడి ఉంది. బ్యాంకు నుంచి ఆటోలో ఉరికొచ్చిందట, చెప్పులు కూడా విడవలేదు.

"కెమెరాలెందుకు బందు పెట్టినవమ్మా?"

"పండుకున్న."

"చెప్పి పండుకోవచ్చు గదా. నా పానం పోయింది."

"మీ అత్తమ్మ చెప్పే పండుకున్నది బిడ్డా. నువ్వు 'ఓ' అన్నవ్. ఆమె పానం సంగతి నువ్వు అడగలె, నేను చెప్పలె."

అది చెప్పులు విడిచింది. పాప దగ్గరికి పోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. పాప హాయిగా నిద్రపోతోంది. తర్వాత కింద కూర్చుని, తెచ్చిన టిఫిన్ డబ్బా తెరిచి అక్కడే తిన్నది. తనకూ ఆ వేళ దాకా తినడానికి తీరిక దొరకలేదట. సాయంత్రం కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది, "ఒకటిన్నర నుంచి రెండున్నర అమ్మ విశ్రాంతి. కెమెరాలు బందు" అని.

నువ్వడిగిన దానికి ఇన్నాళ్లకు జవాబు రాస్తున్నాను. కనిపించింది వదినా. నీ పాదాలు వాచి ఉండటం కనిపించింది. చెప్పుల్లో పట్టక ఇంట్లో ఒట్టికాళ్లతో తిరగడం కనిపించింది. ఫోన్లో బొమ్మ సాగదీసినట్టు వస్తుందేమోలే అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సులువుగా ఉండింది. మండలి వాళ్లకు నిజం చెప్పి వచ్చాను. ఇద్దరు నాతో మాట్లాడటం లేదు. ఒకామె మాత్రం, వాళ్లింట్లో తాను కూడా జపం మొదలుపెడతానన్నది.

ఇప్పుడంతా సర్దుకుంది. కాగితం కూడా ఉంది. ఇంటి దగ్గర మీ తమ్ముడు హోటల్ తిండితో సన్నబడుతున్నారు. పాప నీ పాట కోసం ఏడుస్తోంది, నేను పాడితే ఇంకా ఏడుస్తోంది. నువ్వు వచ్చేయి వదినా.

నీ సరళ

* * *

తుంగతుర్తి
14 ఆగస్టు 2025

సరళకు,

పాదాల సంగతి రాశావు. మనసు కొంచెం నెమ్మదించింది. వాపు తగ్గింది, చెప్పులు పడుతున్నాయి.

ఐదారు నెలల్లో నాకు దొరకనిది నీకు నాలుగు రోజుల్లో దొరికింది. అరగంట అడిగితే నాకు కెమెరా వచ్చింది, అడగకుండా పడుకుంటే నీకు గంట వచ్చింది. ఏడుపు కాదు, సంతోషమే. కానీ ఆ కాగితం మీద "అమ్మ విశ్రాంతి" అని ఉంది. నేను వచ్చిన రోజు ఆ కాగితం ఎవరిది? నీ వెనకే మిర్యాలగూడ బస్సెక్కుతుంది.

పాప మీద బెంగ లేదనను. నిన్న గొర్రెపిల్లను తుడుస్తూ జోలపాట పాడితే మీ అన్న నవ్వాడు. రావాలని నాకూ ఉంది. అయితే పిలవాల్సింది నువ్వు కాదు. రజిత చదువుకున్న పిల్ల, తనకు రాయడం వచ్చు. సోమమ్మ అని నా పేరు రాసి, మధ్యాహ్నం గంట, ఆదివారం సెలవు, ఆ గంటలో నన్ను ఎవరూ చూడరు అని రాసి, కింద సంతకం పెట్టి పంపమను. ఇంటి తల్లి, ఇంటి మనిషి లాంటి పెద్ద మాటలు వద్దు. పనిమనిషి అని రాస్తే చాలు. నొచ్చుకోను.

అలా రాస్తే వచ్చే శనివారం బస్సుకే వస్తాను. రాయకపోతే ఇక్కడ నాకు పని ఉండనే ఉంది.

రజితకు ఇంకొక్క మాట చెప్పు. పోస్టు ఇక్కడికి మధ్యాహ్నం వస్తుంది. అందిన వెంటనే జవాబు రాలేదని అది కంగారుపడి ఫోన్ చేయవద్దు. ఆ వేళ నేను తలుపు దగ్గరికి వేసుకుని పడుకుంటాను. లేచాక చదువుతాను.

సోమమ్మ